వాగూ, గాలమూ, నీతీ

నీతి అనేది పాలకవర్గాలు పాలితులమీద రుద్దే కట్టుబాటు తప్ప మరొకటి కాదని మన విద్యార్థులలో కొందరు తేలికగా అనేస్తూంటారు. ఇందులో నిజం లేకపోలేదు. దొంగతనం మహాపాపమని గట్టిగా చెప్పేవాడి ఇంట్లో సాధారణంగా దొంగిలించదగిన వస్తువులు ఉంటాయి. కాని సగం నిజాన్ని పూర్తి నిజంగా చెలామణీ చేస్తే దానివల్ల మేలు జరిగేది మనకు కాదు, అవతలివాడికే. ఈ అభిప్రాయాన్ని పరీక్షించడానికి నేను పెద్ద సమస్యలేవీ ఎత్తుకోను. వాగులో చేపలు పట్టడం అనే చిన్న విషయాన్ని తీసుకుంటాను. చిన్నదే అయినా ఇందులో ఒక సౌకర్యం ఉన్నది. వాగు ఒడ్డున పోలీసు ఉండడు, పురోహితుడు ఉండడు, కూలి ఇచ్చే ఆసామీ ఉండడు. గాలం వేసినవాడు ఏం చేసినా అడిగేవాడు లేడు. అలాంటి చోట కూడా కొన్ని నియమాలు నడుస్తున్నాయంటే, అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఎవరికోసం ఉన్నాయో ఆలోచించక తప్పదు.

నాకు బాగా తెలిసిన వాగు ఖమ్మం ప్రాంతంలో మున్నేటిలో కలిసే ఒక చిన్న వాగు. పటాలలో చూపదగినంత ప్రఖ్యాతి దానికి లేదు. వేసవిలో ఇసుకా, అక్కడక్కడా మడుగులూ, తొలకరికి ఎర్రనీళ్లు, ఎగువ చెరువు అలుగు పోసిందంటే రెండు మూడు నెలలు పారకం. మున్నేరు కృష్ణలో కలుస్తుంది కనక కృష్ణలోని చేప మా వాగుకు ఎదురెక్కి రావడానికి సిద్ధాంతరీత్యా అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా దారిలోని అడ్డుకట్టలే. ఈ వాగులో పరిగెలూ, జెల్లలూ, మార్పులూ, కొర్రమట్టలూ దొరుకుతాయి. ఏళ్ల తరబడి ఆ ఒడ్డున గాలం వేసేవాళ్లను చూస్తున్నాను; సెలవుల్లో నేనూ వేస్తూంటాను. పాఠం చెప్పడం నా వృత్తి, గాలం నా కాలక్షేపం. నా పక్కన కూర్చున్న మనిషికి అదే చేప సాయంత్రపు కూర, లేదా అమ్మితే వచ్చే బియ్యం. ఈ తేడా ముందే చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే ఈ వ్యాసంలోని చిక్కంతా దానిలోనే ఉన్నది.

ఆ ఒడ్డున నేను చూసిన నియమాలు ఐదు. ఎవరూ రాసిపెట్టినవి కావు. ఒకటి: ఒకడు ఎర చల్లి కూర్చున్న మడుగులో రెండోవాడు గాలం వెయ్యడు, వేసినా అడిగి అవతలి కొసన వేస్తాడు. రెండు: తడిక కట్టి మావు పెట్టేవాడు పాయ మొత్తానికి అడ్డం కట్టడు, ఒక పక్క చేప సాగిపోవడానికి దారి వదులుతాడు, ఎగువవాడికి కూడా చేప అందాలి గనక. మూడు: వేలెడంత పిల్ల తగిలితే గాలం ఊడదీసి నీళ్లలో వదిలేస్తారు. నాలుగు: గారకాయలో మంగకాయలో దంచి మందు పెట్టడం, తోటా పేల్చడం, కరెంటు తీగ వెయ్యడం తప్పు. ఐదు: పిల్లలతో ఉన్న కొర్రమట్ట జోలికి పోకూడదు.

ఐదోదాన్ని కొంచెం వివరించాలి. కొర్రమట్ట నాచూ తుంగా మధ్య చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిమీద తేలుతాయి. పిల్లలు పుట్టాక నారింజరంగు గుంపుగా నీటి పైపొరలో కదులుతూంటాయి. పెద్దచేప, శాస్త్రజ్ఞుల ప్రకారం చాలాసార్లు మగచేప, వాటి కిందనే కాపలా తిరుగుతూ దగ్గరికొచ్చిన ప్రతిదానిమీదికీ దూకుతుంది. కప్పమీదికీ దూకుతుంది, గాలంమీదికీ దూకుతుంది. మామూలు రోజుల్లో కొర్రమట్టను గాలానికి లొంగదీయడం నేర్పరితనంతో కూడిన పని. కాపలాలో ఉన్నప్పుడు మటుకు ఏ నేర్పూ అక్కర్లేదు; అది ఎక్కడున్నదో పిల్లల గుంపే చూపిస్తుంది. అంటే, ఆ చేపకు ఉన్న బాధ్యతే దాని చావుకు దారి. పైగా కొర్రమట్టకు సంతలో మిగతా చేపలకంటే ఎక్కువ ధర పలుకుతుంది. తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర చేపగా ఎంచుకున్నది కూడా దాన్నే.

ఒకసారి ఒక ముసలాయన అలాంటి గుంపును చూసి గాలం తీసుకుని పై మడుగుకు పోబోతూంటే, అడిగాను.

“వదిలేశావేం తాతా?”

“దాని వెనక వెయ్యి పిల్లలున్నయి సారూ. దాన్ని తీస్తే తెల్లారేసరికి జెల్లలు వాటిని మింగుతయి. వచ్చే ఏడు ఏం తినాలె?”

“వచ్చే ఏడు నువ్వే తింటావని ఏముంది? ఇంకొకడు పట్టుకుపోవచ్చు గదా?”

“ఇంకొకడు వదిలింది ఈ ఏడు నేను తినలేదా?” అన్నాడు.

నీతిశాస్త్రం చర్చించవలసిన సమస్య యావత్తూ ఈ జవాబులో ఉన్నది. ఇది చట్టభయం కాదు. దైవభయం కాదు. జాలి కూడా కాదు. పిల్లలు లేని కొర్రమట్టను అదే ముసలాయన నిమిషంలో కొట్టి బుట్టలో వేస్తాడు. పోనీ స్వార్థమా అంటే, లెక్క ప్రకారం స్వార్థపరుడు చేయవలసింది వేరు: మిగతా అందరూ వదిలెయ్యాలి, తను మాత్రం పట్టుకోవాలి. అలా చేస్తే ఈ ఏటి చేపా దక్కుతుంది, వచ్చే ఏటి చేపా దక్కుతుంది.

అందరూ ఇలాగే లెక్కవేస్తారనీ, కనక ఉమ్మడి ఆస్తి ఏదైనా నాశనం కాక తప్పదనీ గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు 1968లో వాదించాడు. ఆయన ఉదాహరణ పచ్చికబయలు. ప్రతి కాపరీ తన మందకు ఇంకో పశువును చేర్చుకుంటాడు. దాని లాభం అతనొక్కడిదీ, దానివల్ల బయలుకు కలిగే నష్టం అందరిదీ. చివరకు గడ్డి మిగలదు. దీనికి ఆయన చూపిన మందులు రెండు: దాన్ని సొంత ఆస్తిగా పంచెయ్యడం, లేదా రాజ్యం బలవంతంగా అదుపు చెయ్యడం. మన పల్లెభాషలో చెప్పాలంటే, దొర లేదా పోలీసు. ఆ వ్యాసాన్ని ఉదహరిస్తూ ప్రపంచంలో ఎన్నో ఉమ్మడి భూములనూ, నీళ్లనూ జనం చేతుల్లోంచి లాగేశారు. తాను చెప్పింది నిర్వహణ లేని ఉమ్మడి ఆస్తికే వర్తిస్తుందని హార్డినే తరవాత సవరించుకున్నాడు. సవరణకు మొదటి వ్యాసానికి వచ్చినంత ప్రచారం రాలేదు.

దొరా, పోలీసూ నీటిని ఎలా కాపాడారో చరిత్ర చూద్దాం. గాలం వేటమీద ప్రపంచంలోకెల్లా పేరు మోసిన పుస్తకం 1653లో ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ రాసినది. ఓర్పూ, నెమ్మదీ, తృప్తీ ఆ పుస్తకం నేర్పే గుణాలు. సరిగ్గా 70 ఏళ్ల తరవాత, 1723లో, అదే దేశపు పార్లమెంటు ఒక శాసనం చేసింది. ఆయుధం పట్టి ముఖానికి మసి పూసుకుని చేపలు దొంగిలించినవాడికీ, చేపల చెరువు కట్ట తెగగొట్టినవాడికీ ఉరిశిక్ష. నల్ల చట్టం అని దాని పేరు. 1823 దాకా, అంటే నూరేళ్లు, అది శాసనగ్రంథంలో నిలిచింది. ఇ.పి. థాంప్సన్ 1975లో దానిమీద ఒక గ్రంథమే రాశాడు. ఒకే దేశంలో, ఒకే నీటి ఒడ్డున రెండు నీతులు: చేపను ఓర్పుతో పట్టమని తీరికగలవాడికి ఒకటి, పడితే ఉరి తీస్తామని తరతరాల వాడుక పోగొట్టుకున్నవాడికి ఒకటి. ఈ రెండోదాన్ని నీతి అనడానికి నాకు నోరు రాదు. 1842లో యువకుడైన మార్క్స్ రైన్ ప్రాంతపు శాసనసభ చర్చలమీద వ్యాసాలు రాస్తూ, అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం దొంగతనమెలా అయిందని నిలదీశాడు. తాను ఆర్థిక విషయాల వైపు మళ్లడానికి కారణమైన వాటిలో ఆ చర్చ ఒకటని తరవాత ఆయనే చెప్పుకున్నాడు. పుల్ల స్థానంలో చేపను పెట్టి చదువుకుంటే మనకు ఏ భాష్యమూ అక్కర్లేదు.

ఇక పోలీసు. బ్రిటిష్ ఇండియాకు 1897లో చేపల చట్టం వచ్చింది. నీళ్లలో డైనమైటు పేల్చడం, విషమో సున్నమో కలపడం నేరమని అందులో ఉన్నది. రెండు నెలల దాకా ఖైదు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. ఈ నిషేధం మంచిదే. మా వాగు ఒడ్డున ఉన్న నాలుగో నియమం కూడా ఇదే. తోటా పేలిస్తే చేప లోపలి గాలితిత్తి పగులుతుంది. చాలా చేపలు పైకి తేలకుండా అడుక్కు పోతాయి, గుడ్లూ పిల్లలూ ఎవరికీ అక్కరకు రాకుండా చస్తాయి. కాని అదే చట్టంలో మరొక సెక్షను ఉన్నది. మావులు ఎలా పెట్టాలి, వల కన్ను ఎంత ఉండాలి, ఏ నీటిలో ఎంతకాలం వేట ఆపాలి అనే నిబంధనలు ప్రభుత్వం చేయవచ్చు. ఆ నిబంధనలు సొంత ఆస్తిగా ఉన్న నీటికి వర్తించాలంటే మటుకు దాని యజమానీ, అక్కడ ప్రత్యేకంగా చేపల హక్కు ఉన్నవాళ్లూ రాతమూలకంగా ఒప్పుకోవాలి. మిగతా నీళ్లమీద తరతరాలుగా బతుకుతున్న బెస్తవాడు ఒప్పుకోవలసిన పని లేదు. ఆస్తి ఉన్నవాడిని అడిగి నియమం, లేనివాడికి చెప్పి నియమం! నియమం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఒకటి; అది చేసిన తీరు న్యాయమా అన్నది ఇంకొకటి. రెండోదానికి లేదు అని జవాబు చెప్పినవాడు మొదటిదానికి కూడా లేదు అని చెప్పనక్కర్లేదు. మన విద్యార్థులు పొరబడుతున్నది సరిగ్గా ఇక్కడే.

కింది వర్గాలు తమకు తామే నియమం చేసుకున్న సందర్భం ఒకటి చెబుతాను. ఇంగ్లండులో షెఫీల్డు కత్తులూ, పనిముట్లూ తయారు చేసే ఊరు. అక్కడి కార్మికులు పందొమ్మిదో శతాబ్దంలో గాలం వేట సంఘాలు పెట్టుకున్నారు. ఆ దేశంలో చేపలకు కూడా వర్గభేదం ఉన్నది: సాల్మన్, ట్రౌట్ దొరల చేపలు, రోచ్, పెర్చ్, బ్రీమ్ కూలివాడి చేపలు. దొరల చేపకు గుడ్లకాలంలో చట్టం కాపలా కాసేది. కూలివాడి చేపకు ఆ కాపలా లేదు. షెఫీల్డు సంఘాలు తమ పార్లమెంటు సభ్యుడు ఎ.జె. ముండెల్లా ద్వారా పోరి, 1878లో ఒక చట్టం చేయించుకున్నాయి. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఆ చేపలకు గాలం వెయ్యకూడదు. ఇంగ్లండు నదులలో ఆ విరామం ఈనాటికీ ఉన్నది. వారానికి ఒక్కరోజు పొగలోంచి బయటపడి ఏటిగట్టు చేరే కార్మికుడు, సంవత్సరంలో మూడు నెలలు ఆ ఒక్క సంతోషాన్ని తానే కోరి వదులుకున్నాడు. దీన్ని పాలకవర్గం రుద్దిన నీతి అందామా?

ఎలినార్ ఆస్ట్రమ్ అనే రాజనీతిశాస్త్రవేత్త 1990లో వెలువరించిన గ్రంథంలో ఇలాంటి ఉదాహరణలు అనేక దేశాలనుంచి పోగుచేసింది. పచ్చికబయళ్లు, సాగునీటి కాలవలు, సముద్రతీరపు చేపలరేవులు. 2009లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆర్థికశాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి స్త్రీ ఆమె. ఆమె మార్క్సిస్టు కాదు. అయినా ఆమె తేల్చినది మనకు పనికివస్తుంది. ఉమ్మడి వనరు ఎక్కడ నిలిచిందో అక్కడ నియమానికి లోబడేవాళ్లకు ఆ నియమం చెయ్యడంలో పాత్ర ఉన్నది. కావలివాడు వాళ్లకే జవాబుదారీ. తప్పు చేసినవాడికి శిక్ష మొదట చిన్నది, మళ్లీ చేస్తే పెద్దది. ఉరికొయ్య ఎక్కడా కనిపించదు.

ముసలాయన జవాబుకు తిరిగి వస్తాను. ఇంకొకడు వదిలింది తాను తిన్నాడు, కనక తాను ఇంకొకడికి వదులుతున్నాడు. ఆ ఇంకొకడు ఎవరో తెలియదు, కృతజ్ఞత చెప్పేవాడూ కాదు. మన పాఠకులకు ఇలాంటి నీతి కొత్తది కాదు. సమ్మెలో ఉన్న మిల్లు గేటు ముందు నిలబడిన కార్మికుడు చేసేది ఇదే. లోపలికి పోతే అతనికి ఈనాటి కూలి దొరుకుతుంది. సమ్మె గెలిస్తే వచ్చే లాభం, పనిలోకి పోయినవాడికి కూడా వస్తుంది. లెక్కల ప్రకారం పోవడమే తెలివి. అయినా పోడు. పోయినవాడిని తోటివాళ్లు క్షమించరు. సమ్మెనీతి పాలకవర్గం రుద్దినదని ఎవరూ అనరు. అది ఒకేచోట బతకవలసినవాళ్లు ఒకరికొకరు బాకీ పడ్డ నీతి. పిల్లలతో ఉన్న కొర్రమట్టను వదిలెయ్యడం కూడా అదే జాతికి చెందుతుందని నా వాదన. తోటా పేల్చేవాడు వాగు ఒడ్డున సమ్మెను విరిచేవాడి వంటివాడు.

ఆకలితో ఉన్నవాడికి నియమమేమిటి అని ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇది తేలిగ్గా తోసిపారేసేది కాదు. ఇంట్లో గింజ లేనివాడు ఆ కొర్రమట్టను పడితే నేను తప్పుపట్టను; అతన్ని తప్పుపట్టే అర్హత నెలజీతం తీసుకునే నాకు లేదు. సెలవురోజు సరదాకు గాలం వేసి పిల్లచేపను వదిలెయ్యడం నాకు కష్టం కాదు, అందులో ఘనతా లేదు. కాని ఆక్షేపించేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. ఆ నియమాన్ని చేసింది కడుపునిండినవాళ్లు కాదు. కరువేళల్లో వాగుమీద బతికినవాళ్లే చేశారు. ఆకలి తెలిసినవాడికే రేపటి ఆకలి కూడా కనిపిస్తుంది. పేదవాడికి నియమం ఉండదనడం పైకి సానుభూతిలా ఉన్నా, లోపల అతన్ని ఈ పూట తప్ప ఇంకేమీ ఆలోచించలేని ప్రాణిగా లెక్కకట్టడమే. దొర కూడా అతని గురించి అదే అనేవాడు.

అయితే పాత కట్టుబాట్లన్నీ బంగారమని నేను చెప్పబోవడం లేదు. మన పల్లెల్లో నీటిమీది కట్టుబాటుకు రెండో ముఖం ఉన్నది. ఏ చెరువులో ఎవరు వల వెయ్యాలో కులం నిర్ణయించింది. ఎవరు నీళ్లు ముట్టుకోకూడదో కూడా కులమే నిర్ణయించింది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగినప్పుడు బద్దలైనది కూడా ఒక నియమమే, అదీ ఊరంతా పాటించిన నియమమే. చేపను బుట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే ఆడమనిషికి, చేప ఎప్పుడు పట్టాలో చెప్పే సభలో చోటు ఉండదు. కాబట్టి నియమం కింది నుంచి వచ్చింది అన్నంత మాత్రాన న్యాయం అయిపోదు. దాన్ని మోసేవాళ్లందరికీ నీటిలో వాటా ఉన్నదా, మాటలో వాటా ఉన్నదా అని అడగాలి. వాటా లేకుండా మోయించే నియమం, అది పాతదైనా కొత్తదైనా, వెట్టిచాకిరీయే.

వాటా తీసేస్తే నియమం ఏమవుతుందో చూడాలంటే వాగు వదిలి చెరువు దగ్గరికి పోవాలి. చెరువులోని బొచ్చె, రోహు, యర్రమోసు నిలవనీటిలో పిల్లలు పెట్టవు. వాటికి పారే ఏరు కావాలి. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు చేపల పీయూషగ్రంథి రసం ఎక్కించి ఆ జాతులచేత కృత్రిమంగా గుడ్లు పెట్టించగలిగాడు. ఇవాళ చెరువుల్లో పోసే చేపపిల్లలకు అదే మూలం. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువులకు ఉచితంగా చేపపిల్లలు పంపిణీ చేసింది. ఇది మెచ్చుకోదగిన పని. కాని చెరువుమీద హక్కు కాగితంలో మత్స్యకారుల సహకార సంఘానిదైనా, పెట్టుబడి లేని సంఘం వెనక వ్యాపారి వచ్చి నిలుచున్నచోట, బెస్తవాడు తన చెరువులోనే కూలికి వల లాగుతాడు. గుత్తకాలంతో తీరిపోయే వ్యాపారికి వచ్చే ఏడు లేదు. వచ్చే ఏడు లేనివాడు పిల్లచేపను ఎందుకు వదులుతాడు? కూలికి లాగేవాడు మాత్రం ఎందుకు వదలమంటాడు? తొలకరిలో అలుగుకు ఎదురెక్కే గుడ్లచేపకు అడ్డంగా వల కట్టడం అప్పుడు తప్పుగా కనిపించదు. మనుషులు చెడిపోయి నియమం పోయిందని పెద్దవాళ్లు వాపోతారు. నాకు అలా తోచదు. వాటా పోయింది, దాని వెంట నియమం పోయింది.

మరో మాట. గాలానికి ఇంత నియమం చెబుతున్న నేను, యంత్రాలతో ఇసుక తోడేవాళ్ల మాట చెప్పకపోతే అది మోసమే అవుతుంది. ఇసుక పోయినచోట వేసవి మడుగు నిలవదు. మడుగు లేనిచోట జూన్ దాకా బతికి ఉండే చేప ఉండదు. వెయ్యి గాలాలు ఒక ఏడాదిలో చెయ్యలేని నష్టం ఒక యంత్రం ఒక రాత్రిలో చేస్తుంది. పెట్టుబడి మొదటి సంపుటంలో ఒక అధోజ్ఞాపికలో మార్క్స్, ఇంకా పట్టని చేపను కూడా ఉత్పత్తి సాధనం అనవలసి వస్తుందని హాస్యంగా వాదిస్తాడు. హాస్యమే అయినా అది అక్షరాలా నిజం. నీటిలో చేప లేకపోతే వలా, గాలమూ, నేర్పూ అన్నీ వ్యర్థం. వాగును తవ్వేవాడు లాక్కుంటున్నది ఇసుక ఒక్కటే కాదు, ఒక వర్గం బతికే సాధనాన్ని. అలాంటి చోట చిన్న చేపను పట్టినవాడికి జరిమానా వేసి, లారీకి దారి విడిచే ప్రభుత్వాధికారి ఎంత చక్కని నిబంధన చదివి వినిపించినా అది నీతి కాదు.

ఇంతదాకా నేను చేప గురించి మాట్లాడినా, చేప తరఫున మాట్లాడలేదు. ఎవరి వాటా ఎంత అనే లెక్కలో చేపకు వాటా లేదు. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేప తలమీద గాయాన్ని గుర్తించే నాడీకొసలు ఉన్నట్టు చూపించారు. చేప పడే బాధ మనం పడే బాధ లాంటిదేనా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉన్నది. జర్మనీలో 1972 నాటి జంతురక్షణ చట్టం ప్రకారం తగిన కారణం లేకుండా వెన్నెముక ఉన్న జంతువును చంపకూడదు. తిండి అందుకు తగిన కారణమే. కేవలం పట్టి, తూచి, వదిలే సరదాను అక్కడ అనుమానంతో చూస్తారు. ఆ దృష్టితో చూస్తే మా ఒడ్డున నిందపడవలసినది కూరకోసం వచ్చినవాడిమీద కాదు, కాలక్షేపానికి వచ్చిన నామీద. దీనికి నేను పూర్తి సమాధానం చెప్పలేను. తినని చేపను పట్టకపోవడం, పట్టినదాన్ని తాడుకు గుచ్చి సాయంత్రందాకా కొట్టుకోనివ్వకుండా వెంటనే చంపడం, ఈ రెండూ నేను పాటించేవి. వర్గదృష్టి నీతిలోని ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతుందని నేననుకోను. కాని ఆ దృష్టి లేకుండా చేపమీద చూపే దయ, మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎంత త్వరగా జరిమానాగా మారుతుందో పైన చూశాం.

1845, 46లలో మార్క్స్, ఎంగెల్సులు రాసిన జర్మన్ భావజాలంలో రేపటి సమాజపు మనిషి జాలరిగా పుట్టకుండా, జాలరిగా చావకుండా, తనకు తోచిన మధ్యాహ్నం చేపలు పట్టుకోగలుగుతాడు. ఆ ఊహ మనందరికీ ఇష్టమైనదే. కాని ఆ మధ్యాహ్నానికి ఏటిలో చేప మిగిలి ఉండాలి. దాన్ని మిగిల్చి ఉంచే పని విప్లవం తరవాతికి వాయిదా వెయ్యడానికి వీల్లేదు. చేప మనకోసం ఆగదు.

కనక ఈ విషయంలో మన కర్తవ్యం రెండు వైపులది. నీటిమీద బతికేవాళ్లందరికీ, ఏ కులంవాళ్లయినా, వల లాగే మగవాడికీ, చేప అమ్మే ఆడమనిషికీ, సంఘంలో వాటా కావాలని పోరాడాలి. ఎప్పుడు వేట ఆపాలి, ఎంత చేపను వదలాలి, పాయలో ఎంత దారి విడవాలి అనే నిబంధనలు ఆ సంఘం చేతిలో ఉండాలి. ఇసుక యంత్రాన్ని ఆపే అధికారం కూడా దానికే ఉండాలి. ఇది మొదటి వైపు. రెండోది ఇంతకంటే కష్టం. వాటా వచ్చేదాకా నియమాన్ని ఎగతాళి చేస్తూ కూర్చోకూడదు. పేదవాడి నియమాన్ని దొర నియమంతో కలిపి ఒకే గాటన కట్టి పారేసే తెలివిని మానుకోవాలి. మన విద్యార్థులు సెలవులకు ఊళ్లకు పోయినప్పుడు వాగు ఒడ్డున కాసేపు కూర్చుని, గాలం వేసేవాళ్లు ఏది పడుతున్నారో చూడడంతో సరిపెట్టుకోక, ఏది వదిలేస్తున్నారో కూడా చూడాలి. ఎందుకు వదిలేశావని అడగాలి. వాళ్లకు నేర్పడానికి మన దగ్గర ఉన్నది కొంత. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది అంతకంటే తక్కువేమీ కాదు.